కందిలి వెలుగుతూనే ఉంది

ఏప్రిల్ 21, వనపర్తి

మళ్ళీ గుంతలోనే పడింది.

ఫలితం చూసి లాప్‌టాప్ మూసేశాను. పెరుగన్నం తిని మళ్ళీ తెరిచాను. మారలేదు. నేను అన్నం తిన్నంత మాత్రాన అదెందుకు మారుతుంది? ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ అణువును వదిలితే అది ఒక ప్లాటినం పరమాణువు నెత్తిన నిటారుగా నిలబడుతుంది. ప్రయోగం చేసి చూసినవాళ్ళంతా అదే చెప్పారు. కంప్యూటర్ లెక్క మాత్రం దాన్ని తీసుకెళ్ళి మూడు పరమాణువుల మధ్య గుంతలో కూర్చోబెడుతుంది. ఇరవై ఏళ్ళకు పైగా పెద్దపెద్దవాళ్ళను ఏడిపించిన తప్పు ఇది. డిగ్రీ కాలేజీలో పొద్దంతా కెమిస్ట్రీ చెప్పి, ఇంటికొచ్చి, హైదరాబాద్‌లోని యూనివర్సిటీ కంప్యూటర్‌కు ఇక్కడినుంచి పని పంపి, అది క్యూలో ఎప్పుడు కదులుతుందా అని కాచుకునే నేను దీన్ని సరిచేస్తానట. నా పీహెచ్‌డీ గైడు శ్రవణ్ కుమార్ సార్‌కు నా మీద అంత నమ్మకం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక్క వాయువు. అణువులో రెండే పరమాణువులు. దీని సంగతి నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని మొన్న క్లాసులో గొప్పలు కూడా పోయాను.

సాయంత్రం ఊరినుంచి తమ్ముడు తిరుపతి ఫోన్. బోరు ఎండిపోయిందట. పాత బావి పూడిక తీయించి ఈసారి కూడా విత్తనాల కంపెనీకి సీడు పత్తి పెడతాడట. గద్వాల వైపు సీడు పత్తి పెట్టనివాడు రైతే కాదన్నట్టు మాట్లాడతాడు. ఫోన్ పెట్టేముందు ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"నీ అణువు కూసుందా అక్కా దాని జాగల?"

"లేదురా. మళ్ళా గుంతలనే పడ్డది."

"నేను దిగి తీస్త తియ్. ఎట్లనో బాయిల దిగుతున్న గదా."

వాడికి నా చదువంతా ఒక జోకు. నాకు మాత్రం రోజంతటిలో నవ్వింది అప్పుడే.


ఏప్రిల్ 26

కర్నూలు దవాఖాన. తమ్ముడు. ఊపిరి ఉంది.


ఏప్రిల్ 28, దవాఖాన వరండా

ఇవాళ కూర్చుని రాస్తాను.

పాత బావికి కరెంటు లైను లేదు. అడుగున నిలిచిన నీళ్ళు తోడాలి, పైనుంచి పైపు వేస్తే అందవు. అందుకని ఆయిల్ ఇంజన్‌ను తాళ్ళతో బావి లోపలి గట్టు మీదికి దించారు. పొద్దున్నుంచి అది లోపలే తిరిగింది, పొగ లోపలే వదిలింది. నీళ్ళయిపోయాక ఆపేశారు. అన్నాలు తిన్నారు. తర్వాత, బావిలో దిగేముందు మా వైపు ఎప్పుడూ చేసేదే చేశారు. బావులు తీసే మాసయ్య తాత కిరసనాయిలు కందిలి వెలిగించి, తాడు కట్టి అడుగుదాకా దించాడు. ఆరితే దిగకూడదు. ఆరలేదు. తమ్ముడు దిగాడు.

నడుముకు తాడు కట్టుకున్నాడు కాబట్టి పైకి లాగగలిగారు.

మాసయ్య తాత వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాడు. నాకూ చెప్పాడు.

"కందిలి మంచిగనే కాలింది మాలతమ్మా. నా కండ్లతోని చూసిన. జర గూడ రెపరెపలాడలే. గాలి మంచిదే. గా బాయిల ఇంకేందో ఉన్నది."

ఇంకేమీ లేదు. మంటకు సరిపడా ప్రాణవాయువు ఉందా లేదా, కందిలి చెప్పగలిగింది అదొక్కటే. ఆకులూ చెత్తా కుళ్ళి అడుగున చేరే గాలికి అది ఆరిపోతుంది. అలా ఎంతమందిని కాపాడిందో కూడా. ఇంజన్ పొగలోని వాయువు వేరు. మనిషిని పడగొట్టేంత ఉన్నా మంటకు దాని ఊసే తెలియదు. రంగు లేదు, వాసన లేదు. కార్బన్ మోనాక్సైడ్. నా వాయువు.

తాతకు ఇదంతా చెప్పబోయి ఆగిపోయాను. ఆయన చేతులు తాడు ఒరుసుకుని పచ్చి పుండ్లయి ఉన్నాయి.


మే 2

మొన్న కళ్ళు తెరిచాడు. ఇవాళ భార్య నందినిని పేరు పెట్టి పిలిచాడు. ఆకలి అన్నాడు. నందిని మాస్కు పక్కకు జరిపి ఇడ్లీ ముక్క పెడుతుంటే నేను బయటికెళ్ళి ఏడ్చాను. హాయిగా ఏడ్చాను.

ఎల్లుండి ఇంటికి పంపిస్తారు. డాక్టరమ్మ చిన్నది, మంచిది. నన్ను పక్కకు పిలిచి చెప్పింది. కొందరు ఇలాగే లేచి తిరుగుతారట, కొన్ని వారాలు మామూలుగా ఉంటారట, ఆ తర్వాత మెదడు దెబ్బతిన్న సంగతి బయటపడుతుందట. "అందరికీ రాదు మేడమ్, గమనిస్తూ ఉండండి" అంది.

నేనదంతా మొన్ననే చదివాను. ఆమె నోటితో అనేదాకా చదవనట్టే ఉన్నాను.

అమ్మకు, నందినికి చెప్పలేదు. చెబితే మాత్రం ఏం చేస్తారు? తెలిసి నేనేం చేస్తున్నాను?


మే 4, ఊరు

వరండాలో మంచం మీద కూర్చుని పుచ్చకాయ తింటూ అడిగాడు.

"అక్కా, అసలు నాకేమైందో జర నాకు సమజయ్యేటట్టు చెప్పు. డాక్టర్లు ఇంగ్లీషుల చెప్పిన్రు."

రక్తంలో ఇనుము ఉంటుందనీ, ఊపిరిలోని గాలి ఆ ఇనుము మీద కూర్చుని ఒళ్ళంతా తిరుగుతుందనీ చెప్పాను. ఈ వాయువు ముందుగా వచ్చి ఆ సీట్లన్నీ పట్టేస్తుంది, లేవమంటే లేవదు.

వాడు గింజలు ఊసి ఆలోచించాడు. "అంటే గద్వాల బస్‌స్టాండుల కిటికీలకెల్లి తువ్వాల ఏసి సీటు ఆపినట్టు. మనం టికెట్ తీసుకోని ఎక్కినా నిలబడే పోవాలె."

"అంతేరా."

"మరి కందిలికి ఎందుకు తెల్వలే?"

"దానికి ఆ సీటు అక్కర్లే. దానికి రక్తం లేదు గదా."

"గట్లనా" అని చాలాసేపు నవ్వాడు. మా క్లాసులో ఒక్కరు కూడా ఇంత చక్కగా అర్థం చేసుకోలేదు. మాసయ్య తాతను పిలిపించి తువ్వాల కథ తనే చెప్పాడు. బుర్ర బ్రహ్మాండంగా ఉంది. డాక్టరమ్మ చెప్పింది వేరేవాళ్ళ గురించి.


మే 11

బాగున్నాడు. మాటల్లో పెట్టి చిన్నచిన్నవి అడుగుతున్నాను. మా చిన్నప్పటి ఎడ్ల పేర్లు. మేనమామ పెళ్ళి ఏ ఊళ్ళో. అన్నీ చెప్పాడు. చివరికి పట్టేశాడు.

"నాకు పరీక్ష పెడుతున్నవా అక్కా? తప్పితె సప్లిమెంటరీ ఉంటదా?"

నేనూ నవ్వాను.


మే 14

బాగున్నాడు.


మే 18

బాగున్నాడు. నందిని కూడా అంది.

సార్ కొత్త దారి చెప్పారు. మొత్తం ప్లాటినం పలక మీద ఎక్కువ కచ్చితంగా ఉండే ఖరీదైన లెక్క చేయలేం, ఏ కంప్యూటరూ మోయలేదు. పది ప్లాటినం పరమాణువుల చిన్న ముక్క తీసుకుని దాని మీద మాత్రం ఆ గట్టి లెక్క చేసి, మామూలు లెక్కకూ దానికీ ఉన్న తేడాను తెచ్చి పెద్ద పలకకు కలపాలి. జవాబు ముందే తెలుసు కాబట్టి నెత్తిన నిలబడేలా ఒక అంకె తిప్పేయడం తేలికే, అది కాపీ కొట్టడమే అంటారాయన. అణువు దానంతటది వచ్చి నిలబడాలి.

ముక్క అంచుల దగ్గర లెక్క చెడుతోంది. అయినా పని చేయబుద్ధేస్తోంది.


మే 25, ఊరు

చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. చెబితే నవ్వి, తీసి, మళ్ళీ తిరగేసే తొడుక్కున్నాడు. నిద్ర సరిగా లేదంది నందిని. ఎండలు అలా ఉన్నాయి. నాకే బుర్ర తిరుగుతోంది.

నేను బయలుదేరేటప్పుడు బండి మీద ఎర్రవల్లి చౌరస్తా దాకా దింపుతానన్నాడు, తాళంచెవి చేతిలో పెట్టుకుని వెతికాడు. ఆటోలో వచ్చేశాను.

అణువు సంగతి అడగలేదు. మరిచిపోయి ఉంటాడు. రోజూ అదే జోకు ఎవరు వేస్తారు?


మే 29

ఎండలే.


జూన్ 2

జెండా వందనానికి కాలేజీలో ఉండగా నందిని ఫోన్.

"వదినా, ఆయన పొద్దటిసంది చేను గట్టు మీద కూసున్నడు. పిలిస్తె పలుకుతలేడు. లేపితె కాళ్ళు ఈడ్సుకుంట నడుస్తుండు. లుంగీలనే పోసుకున్నడు వదినా. నాకు భయమైతుంది."

"వస్తున్నా" అన్నాను. బస్సు బీచుపల్లి బ్రిడ్జి మీద కృష్ణ దాటుతుంటే పక్కన కూర్చున్నామె గుడివైపు చూసి దండం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. నాకేమీ అనిపించలేదు, కానీ పెట్టుకున్నాను.

ఎండలు కావు.


జూన్ 6, హైదరాబాద్

స్కాన్ తీశారు. మెదడు లోపల రెండు పక్కలా తెల్లని మచ్చలు. పెద్ద డాక్టరు దాచకుండా మాట్లాడారు. మందులు రాస్తాం, వ్యాయామం చేయించండి, అంతకుమించి చేసేది తక్కువ. కొందరు ఏడాదిలో చాలావరకు తిరిగొస్తారు, కొందరు రారు. ఎవరొస్తారో ముందే చెప్పలేం.

"ఏమాత్రం చెప్పలేరా సార్?" అని అడిగాను. ముందే చెప్పడం నా వృత్తి కదా, అందుకేనేమో ఆ మాట తట్టుకోలేకపోయాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

నందినికి బయట కూర్చోబెట్టి చెప్పాను. నాకు ముందునుంచే తెలుసని కూడా చెప్పాను. కోప్పడితే బాగుండేది. "నాకు చెప్తె నేను గూడ మస్తు రోజులు భయపడుతుంటి" అంది. అంతే అంది.

సాయంత్రం వాళ్ళను లాడ్జిలో ఉంచి యూనివర్సిటీకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. సార్ విషయం విని కుర్చీ చూపించి టీ తెప్పించారు, పని గురించి ఒక్క మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను. ముక్కను కొంచెం పెద్దది చేస్తే అంచుల బాధ పోతుందేమోనని బోర్డు మీద గీశాం. కాసేపు నా తమ్ముణ్ణి పూర్తిగా మరిచిపోయాను. సంతోషంగా ఉన్నాను. బయటికొచ్చాక గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యమేసింది.


జూన్ 22, ఊరు

వానలు పడ్డాయి. బోరు మళ్ళీ పోస్తోంది. నందిని తనే నిలబడి సీడు పత్తి పెట్టించింది. ఆ బావితో పని లేకుండా పోయింది. ఈ మాట ఇంట్లో ఎవరూ అనడం లేదు.

అమ్మ బీచుపల్లి ఆంజనేయుడికి మొక్కింది. మొక్కడంతో ఆగితే బాగుండేది. మాసయ్య తాత చూడడానికి వస్తే వాకిట్లోనే నిలబెట్టి తిట్టింది.

"నువ్వు జెప్పినంకనే దిగిండు గదనే నా కొడుకు! కందిలి మంచిగున్నదని నువ్వే అంటివి!"

తాత తువ్వాల భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, తాత తప్పేం లేదే. కందిలికి ఆ గాలి తెల్వదు" అన్నాను.

"నీకు తెల్సు గదా" అంది అమ్మ నావైపు తిరిగి. "ఇన్నేండ్లు గదే గాలి మీద సదివితివి. ఎన్నడన్న ఒక్క మాట జెప్తివా, బాయిల ఇంజన్ పెట్టొద్దని?"

అమ్మ నన్ను నిందించాలని అనలేదు, దుఃఖంలో అంది. నాకు ప్లాటినం మీద తెలుసు. బావిలో తెలియదు. ఇంజన్ లోపలికి దించుతారని వాడు చెప్పలేదు, నేనడగలేదు.

తాత వెళ్ళిపోతుంటే తిరుపతి మంచం మీంచి లేచి, ఆయన వెనకే గేటుదాకా కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి నిలబడ్డాడు. ఈ నెలలో వాడంతట వాడు లేచింది ఇదే.


జూలై 9

"అక్కా" అన్నాడు ఫోన్‌లో. నందిని అనిపించింది, నాకు తెలుసు. అయినా అన్నాడు.


జూలై 20

లుంగీ తనే కట్టుకుంటున్నాడు. నడక కొంచెం నయం. రాస్తూ ఉంటే పెరుగుతుందన్నట్టు ప్రతిదీ రాస్తున్నాను.


జూలై 27

ఏమీ లేదు. అణువు గుంతలో.


ఆగస్టు 10, ఊరు

పత్తి క్రాసింగ్ మొదలైంది. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలిచి, పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం గొట్టం తొడుగుతారు. మర్నాడు పొద్దున మగ పువ్వు కోసుకొచ్చి ఆ ఆడ మొగ్గ నడిమి మొనకు అద్దుతారు. గోరు కొంచెం గట్టిగా తగిలినా కాయ నిలవదు. కూలీలు ఆడవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళలో తిరుపతి చేతికి ఉన్నంత పేరు ఎవరికీ లేదు. వాడు అద్దిన పువ్వు రాలదని మణెమ్మ లాంటి ముదురు కూలీ కూడా ఒప్పుకునేది.

ఇవాళ నందిని ఆశపడి చేనుకు తీసుకొచ్చింది. చేతులకు గుర్తుంటుందేమో అంది. నాకూ ఆశ పుట్టింది. చదివినదాన్ని, మచ్చలు చూసినదాన్ని, అయినా పుట్టింది.

మణెమ్మ మగ పువ్వొకటి చేతిలో పెట్టి, "అద్దు అన్నా" అంది. వాడు దాన్ని ఎంత చక్కగా పట్టుకున్నాడు! పాత పట్టే. రెక్కలు వెనక్కి మడిచాడు, వంగాడు, ఎర్ర కాగితం తీశాడు, మొనకు అద్దాడు. నందిని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మళ్ళీ అదే మొనకు అద్దాడు. మళ్ళీ అద్దాడు. పక్క కొమ్మ చూపించినా దాన్ని వదల్లేదు. మొన విరిగిపోయింది, అయినా విరిగినచోటే అద్దుతూ ఉన్నాడు. పువ్వులో పుప్పొడి ఎప్పుడో అయిపోయింది. కూలీలంతా పని ఆపి చూసి, మళ్ళీ తలలు వంచుకుని పనిలో పడ్డారు. నందిని వెళ్ళి మెల్లగా వాడి వేళ్ళు విప్పింది.

"సాలు రాండ్రి, చాయ తాగుదాం" అంది. గొంతు మామూలుగానే పెట్టింది. నా వల్ల అయ్యేది కాదు.


ఆగస్టు 23, వనపర్తి

నిలబడింది.

పొద్దున కాలేజీకి బయలుదేరుతూ చూశాను. పెద్ద ముక్క మీద లెక్క పూర్తయింది. తేడాను తెచ్చి పలకకు కలిపాను. గుంతలో కన్నా నెత్తి మీద ఉండడమే దానికి హాయి. ఏ అంకెనూ తిప్పలేదు. మూడుసార్లు సరిచూశాను. దానంతటది వచ్చి ప్లాటినం పరమాణువు నెత్తిన నిటారుగా నిలబడింది.

సార్ ఫోన్‌లో అంకెలన్నీ రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత, రాగి మీద, రోడియం మీద కూడా చూద్దాం అన్నారు. వాయువుల్ని పసిగట్టే పరికరాలకు ముందుముందు పనికొస్తుందన్నారు.

సంతోషించాలని కూర్చున్నాను. నాకు నేను అబద్ధం చెప్పుకోదలుచుకోలేదు. ఈ వాయువును పట్టే చిన్న పెట్టెలు ఎప్పటినుంచో అమ్ముతున్నారు. నా లెక్క కోసం అవి ఆగలేదు. మా ఊరిదాకా రాలేదు, అంతే. నా అణువు ఇప్పుడు సరైనచోట ఉంది. వాడి నెత్తురులో అది కూర్చున్నచోటు గురించి ఏ లెక్కా ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

ఎవరికైనా చెప్పాలనిపించింది. దీని గురించి అడిగే మనిషి లోకంలో ఒక్కడే. చెప్పలేదు.


సెప్టెంబరు 7, ఊరు

నందిని ముందే ఫోన్‌లో చెప్పింది కానీ చూస్తే వేరుగా ఉంది.

వాడికి అటక మీద కందిలి దొరికింది. రోజూ మధ్యాహ్నం అన్నం తినగానే దాన్ని వెలిగించుకుని పాత బావి దగ్గరికి పోతాడు. తాడు కట్టి దించుతాడు. ఇంట్లో దాచిపెడితే చిన్నపిల్లాడిలా ఏడ్చాడట, ఇచ్చేశారు. దిగుతాడేమోనని ఎవరో ఒకరు పక్కన ఉండాలి. రోజూ మాసయ్య తాతే ఉంటున్నాడు. అమ్మ ఇప్పుడు ఆయనకు చాయ పంపిస్తోంది. ఇవాళ తాతను ఇంటికి పంపి నేను కూర్చున్నాను.

ఎండ బాగా ఉంది. బావిలో సగానికి వాన నీళ్ళు. కందిలి నీళ్ళకు కాస్త పైన వేలాడుతోంది. తాడు ముడి చాలా బాగా వేశాడు.

"ఆరలే" అన్నాడు.

"ఆరదురా. కందిలికి ఆ గాలి తెల్వదు. సీటుల తువ్వాల ఏసి పోయిన కథ నువ్వే చెప్పినవ్ గదా, యాదుందా?"

శ్రద్ధగా విన్నాడు. "తువ్వాల" అన్నాడు. నవ్వాడు కూడా. అప్పుడు నావైపు తిరిగి, మునుపటిలాగే ఒక కన్ను చిన్నది చేసి అడిగాడు.

"నీ అణువు కూసుందా అక్కా దాని జాగల?"

వాడి దగ్గరికి జరిగాను.

"కూసుందిరా" అన్నాను. "నెత్తి మీదనే నిలబడ్డది. నిటారుగ. ఎవ్వరూ చెప్పకుంటనే."

"మంచిగైంది" అన్నాడు.

ఎంత సంతోషమేసిందో రాయలేను. నందినిని కేకేద్దామని లేవబోయాను. వాడు బావిలోకి చూసి, నావైపు తిరిగి, అదే కన్ను చిన్నది చేసి, "నీ అణువు కూసుందా అక్కా దాని జాగల?" అన్నాడు.

"కూసుందిరా."

"మంచిగైంది."

మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఎన్నిసార్లు అడిగినా మొదటిసారి విన్నట్టే సంతోషించాడు. నేను లేవలేదు.

తర్వాత చెప్పులు విడిచి గట్టు అంచుకు జరిగాడు. "కందిలి ఆరలే అక్కా. గాలి మంచిదే. ఇగ దిగుత" అన్నాడు.

నాకు తెలిసిందంతా వాడికి మళ్ళీ మొదటినుంచి చెప్పొచ్చు. వింటాడు, తల ఊపుతాడు, దిగుతాడు. వాడి చెయ్యి పట్టుకుని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఇంకా జరసేపు చూద్దాంరా. ఆరుతదేమో" అన్నాను.

"సరే" అన్నాడు. నా మాట ఎప్పుడూ కాదనలేదు వాడు.

నూనె అయిపోయేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ అక్కడే కూర్చున్నాం.